ఇంటి ఇంటర్నెట్ ధరలు: పోటీ, నియంత్రణ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్నెట్ బిల్లు మాట రాగానే నన్ను అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఆ దేశంలో అంత చవకట కదా, ఇక్కడ ఇంత ఎందుకు? ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? కంపెనీలన్నీ కుమ్మక్కయ్యాయా? విడివిడిగా జవాబు చెప్పీ చెప్పీ చివరికి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, కావలసిన దాని దగ్గరికి నేరుగా వెళ్ళండి.

## ధర వెనకాల ఏముంది

అదే స్పీడు, అదే ఫైబర్. ఒక దేశంలో ఒక రేటు, ఇంకో దేశంలో రెండు మూడు రెట్లు. ఎందుకిలా?

మీరు వాడే డేటా ఖరీదు పెద్దదేం కాదు. ఖర్చులో పెద్ద భాగం మీ వీధి మొదలు నుంచి మీ గుమ్మం దాకా ఉన్న ఆ చివరి ముక్కలో ఉంటుంది. ఫైబర్ తీగ చవకే. దాన్ని వేయాలంటే రోడ్డు తవ్వాలి, అనుమతులు తెచ్చుకోవాలి, స్తంభాలకు అద్దె కట్టాలి, తవ్విన చోట పూడ్చి మళ్ళీ తారు వేయాలి. ఒక కంపెనీ ఇదంతా చేసేశాక రెండో కంపెనీ రావాలంటే అంతా మొదటి నుంచి చేయాలి. అదీ ఉన్న కస్టమర్లలో కొంతమందే తన వైపు వస్తారని తెలిసి చేయాలి. చాలా కంపెనీలు అక్కడే ఆగిపోతాయి. దాంతో మొదట వచ్చినవాడు చెప్పిందే ధర అవుతుంది.

కూలి రేట్లు, పన్నులు, ఊళ్ళ మధ్య దూరాలు కూడా లెక్కలోకి వస్తాయి, కాదనను. కానీ అన్నిటికంటే ముందు చూడాల్సింది మీ గుమ్మం దాకా వచ్చే హక్కు ఎంతమందికి ఉందన్నది. ఇన్నేళ్ళుగా దేశదేశాల ధరలు చూస్తున్నాక నాకు గట్టిగా అనిపించే మాట అదొక్కటే.

మా దగ్గర పది కంపెనీల ప్రకటనలు కనిపిస్తాయి. పోటీ ఉన్నట్టే కదా?

ప్రకటనలు కాదు, మీ అడ్రస్ లెక్క. నేను ఒకప్పుడు అద్దెకున్న అపార్ట్‌మెంట్ చుట్టుపక్కల కనీసం ఐదు కంపెనీల బోర్డులుండేవి. కనెక్షన్ కావాలని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తే, బిల్డింగ్ పేరు చెప్పగానే నలుగురు 'అక్కడ మాకు లైన్ లేదండీ' అన్నారు. ఒకరోజు మెట్ల పక్కనున్న కేబుల్ డక్ట్ తలుపు తీసి చూశాను. కింది నుంచి పై అంతస్తు దాకా ఒకే రంగు కేబుల్, అన్ని పెట్టెల మీదా ఒకే కంపెనీ స్టిక్కర్. ఆ ఊళ్ళో ఐదు కంపెనీలున్నా నాకున్నది ఒక్కటే. నేను కట్టిన బిల్లు కూడా అలాగే ఉండేది.

కాబట్టి 'ఫలానా దేశంలో ఇన్ని వందల కంపెనీలు' అనే లెక్క చూసి పోటీని కొలవకండి. ఒక్క ఇంటికి ఎన్ని వైర్లు వస్తున్నాయి, ఒక్కో వైరు మీద ఎంతమంది సర్వీసు ఇవ్వగలరు అని చూడండి.

దేశాల ధరలు పోల్చాలంటే డాలర్లలోకి మార్చి చూస్తే చాలదా?

చాలదు. 20 డాలర్లు ఒక దేశంలో గంట జీతం, ఇంకో దేశంలో వారం జీతం. అందుకే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ధరను తలసరి జాతీయాదాయంలో శాతంగా కూడా లెక్కిస్తుంది. ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ పెట్టుకున్న లక్ష్యం కూడా ఆ లెక్కలోనే ఉంది: వర్ధమాన దేశాల్లో ప్రారంభ స్థాయి ప్లాన్ నెలవారీ తలసరి ఆదాయంలో 2 శాతం లోపు ఉండాలి.

ఇంకో జాగ్రత్త. పోల్చే ముందు ఆ ధర మొదటి ఏడాది ఆఫరా, అసలు ధరా అని చూడండి. పన్ను కలిపారా, రౌటర్ అద్దె విడిగానా, డేటా పరిమితి ఉందా అని కూడా అడగండి. ఈ నాలుగూ సరిచేస్తే చాలా పోలికలు తలకిందులవుతాయి.

కొరియా, సింగపూర్‌లలో జనం దగ్గరదగ్గరగా ఉంటారు కాబట్టి చవక అంటారు. అంతేనా?

కొంత నిజం. ఒక టవర్‌లో వంద ఇళ్ళుంటే కేబుల్ ఖర్చు వంద మందికి పంచుకోవచ్చు. కానీ ఇళ్ళు దగ్గరగా ఉన్నంత మాత్రాన ధర దానంతటది దిగదు. దక్షిణ కొరియాలో 1998లో థ్రూనెట్ కేబుల్ మీద, 1999లో హనారో టెలికాం ఫోన్ లైన్ల మీద హైస్పీడ్ ఇంటర్నెట్ మొదలుపెట్టాయి. అప్పటిదాకా తీరిగ్గా ఉన్న పాత ఫోన్ కంపెనీ కొరియా టెలికాం కూడా పరుగెత్తక తప్పలేదు. సింగపూర్‌లో ప్రభుత్వం ఫైబర్ వేసే సంస్థను, సర్వీసు అమ్మే సంస్థలను విడదీసింది. అందరికీ ఒకే ఫైబర్, ఒకే టోకు ధర (ఆ ఫైబర్ వాడుకోడానికి సర్వీసు కంపెనీలు కట్టే ధర). అందుకే 2014లో మైరిపబ్లిక్ అనే చిన్న కంపెనీ 1 జీబీపీఎస్ (సెకనుకు ఒక గిగాబిట్) ప్లాన్‌ను నెలకు 50 సింగపూర్ డాలర్ల లోపు పెట్టగలిగింది, పెద్దవాళ్ళూ దిగొచ్చారు.

## పోటీ ఎలా వస్తుంది

ఒక కంపెనీ వేసిన వైరు మీద ఇంకో కంపెనీ సర్వీసు ఎలా ఇస్తుంది?

పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ లోపల ఒక పెద్ద ఇనుప ఫ్రేమ్ ఉంటుంది. వీధుల్లోంచి వచ్చే రాగి తీగలన్నీ దాని ఒక వైపు చేరతాయి. మీ ఇంటి తీగ జత కూడా అందులో ఒకటి. టెక్నీషియన్ వచ్చి మీ జతను ఫోన్ కంపెనీ పరికరం నుంచి ఊడదీసి, అదే గదిలో ఇంకో కంపెనీ పెట్టుకున్న పరికరానికి కలుపుతాడు. కొన్ని నిమిషాల పని. రోడ్డు తవ్వలేదు, మీ ఇంట్లో గోడ కొట్టలేదు, కంపెనీ మారిపోయింది. కొత్త కంపెనీ ఆ తీగకు నెలనెలా అద్దె కడుతుంది. ఆ అద్దె ఎంతన్నది నియంత్రణ సంస్థ చూసుకుంటుంది.

ఫ్రాన్స్‌లో ఫ్రీ అనే కంపెనీ ఈ దారినే వాడుకుంది. 2002లో నెలకు 29.99 యూరోలకు కనెక్షన్ పెట్టి, తర్వాత అదే ధరలో ఫోన్, టీవీ కూడా చేర్చింది. ఏళ్ళ తరబడి ఆ దేశంలో మిగతా అందరూ ఆ అంకె చుట్టూనే తిరగాల్సి వచ్చింది. జపాన్‌లో 2001లో సాఫ్ట్‌బ్యాంక్ వాళ్ళ యాహూ బీబీ అప్పటి రేట్లలో దాదాపు సగానికి దిగి, వీధుల్లో మోడెంలు ఉచితంగా పంచింది. పాత ఫోన్ కంపెనీ ఎన్‌టీటీ తన తీగలు ఇతరులకు ఇవ్వాలన్న నిబంధన లేకపోతే ఆ మోడెంలు దేనికీ కలిసేవి కావు.

అమెరికాలో ఇంటర్నెట్ అంత ఖరీదెందుకు? ఇంటర్నెట్ పుట్టిందే అక్కడ కదా?

అందుకే నాకు ఆ దేశం కథ ఎక్కువ బాధ కలిగిస్తుంది. 1996 టెలికాం చట్టంతో ఫోన్ కంపెనీల తీగలను పోటీదారులకు ఇవ్వాలన్న నియమం పెట్టిన తొలి దేశాల్లో అమెరికా ఒకటి. తర్వాత వాళ్ళే వెనక్కి తగ్గారు. కేబుల్ ఇంటర్నెట్‌కు ఆ నియమం వర్తించదని 2002లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తేల్చింది. 2003లో తీగ పంచుకునే నిబంధనను దశలవారీగా తీసేసింది. 2005లో సుప్రీంకోర్టు కేబుల్ విషయంలో ఎఫ్‌సీసీ మాటను సమర్థించాక, ఫోన్ లైన్ ఇంటర్నెట్‌కూ అదే మినహాయింపు వచ్చింది. పెద్ద కంపెనీలు ఒకరితో ఒకరు పోటీ పడతాయి, అది చాలు అన్నది అప్పటి నమ్మకం.

జరిగిందేమిటంటే, చాలా ఇళ్ళకు ఒక కేబుల్ కంపెనీ, ఒక ఫోన్ కంపెనీ, అంతే మిగిలాయి. వాటిలో ఒకటి పాత రాగి తీగతో నెమ్మదిగా ఉంటే, వేగం కావాలన్నవాళ్ళకు ఇంకొకటే దిక్కు.

టెనెసీలో చట్టనూగా నగర విద్యుత్ సంస్థ ఈపీబీ సొంతంగా ఫైబర్ వేసి 2010లోనే 1 జీబీపీఎస్ ఇచ్చింది. ఊరి సంస్థే దిగితే ఎలా ఉంటుందో చూపించింది. అయినా తన విద్యుత్ పరిధి దాటి పక్క ఊళ్ళకు వెళ్ళనివ్వని రాష్ట్ర చట్టం దానికి అడ్డు పడింది. ఇలాంటి ఆంక్షలు మరికొన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

పేద కుటుంబాలకు నెలకు 30 డాలర్లు సాయం చేసిన కేంద్ర పథకం నిధులైపోయి 2024లో ఆగిపోయింది. దాని మీద ఆధారపడ్డ ఇళ్ళు దాదాపు 2.3 కోట్లు. సబ్సిడీతో వచ్చే చిక్కు ఇదే. డబ్బులున్నంతకాలం బిల్లు తగ్గుతుంది, ధర మాత్రం తగ్గదు.

రొమేనియాలో పెద్దగా నియంత్రణ లేకుండానే చవకట. మరి రూల్స్ ఎందుకు?

1990ల చివర, 2000 తర్వాత అక్కడి కుర్రాళ్ళు గేములు ఆడుకోడానికి, ఫైళ్ళు పంచుకోడానికి అపార్ట్‌మెంట్ల మధ్య తామే కేబుళ్ళు లాగారు. ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు స్తంభాల మీదుగా, డాబాల మీదుగా. అలా వేలకొద్దీ పేటల నెట్‌వర్కులు పుట్టాయి. ఎవరి దారికీ అడ్డు లేదు కాబట్టి ధర నేలకు దిగింది. గుమ్మం దాకా దారి తెరిచి ఉండటమే అక్కడా పనిచేసింది. చట్టం తెరవలేదు, ఆపేవాళ్ళు లేకపోవడం తెరిచింది.

కానీ అది ఒక సమయంలో, ఒక చోట కుదిరింది. తర్వాత ఆ చిన్న నెట్‌వర్కుల్లో చాలావాటిని డిజి లాంటి కంపెనీలు కొనేశాయి. అదే డిజి 2018లో స్పెయిన్‌లో ఫైబర్ అమ్మకం మొదలుపెట్టింది, 2024లో పోర్చుగల్, బెల్జియంలలో అడుగుపెట్టింది. అలాంటి కంపెనీ కొత్త దేశానికి వస్తుందంటే చాలు, అక్కడున్నవాళ్ళు చవక ప్లాన్లు సిద్ధం చేసుకుంటారు.

ఇండియాలో ధర ట్రాయ్ నిర్ణయిస్తుందా?

లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ బ్రాడ్‌బ్యాండ్ ధరలను కంపెనీలకే వదిలేసింది. ట్రాయ్ ధర పెట్టదు, పారదర్శకత, నాణ్యతల మీద నిబంధనలు పెడుతుంది. ధరలు దిగింది పోటీతోనే. 2019 సెప్టెంబర్‌లో జియో ఫైబర్ 699 రూపాయల నుంచి ప్లాన్లు పెట్టాక మిగతా కంపెనీలూ స్పీడు పెంచి రేట్లు సర్దుకున్నాయి. మొబైల్ డేటా చవకగా ఉండటం కూడా ఇంటి కనెక్షన్ ధరను అదుపులో ఉంచుతుంది.

5జీ హోమ్ ఇంటర్నెట్, శాటిలైట్ వస్తే ఈ గొడవంతా పోతుందా?

కొంత పోతుంది. 2022 తర్వాత అమెరికాలో కొత్తగా పెరిగిన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఎక్కువ భాగం మొబైల్ కంపెనీల వైర్‌లెస్ సర్వీసులవే. ఒక్క కేబుల్ కంపెనీయే దిక్కైన ఇళ్ళకు అది నిజమైన ఊరట. అయితే టవర్ సామర్థ్యాన్ని చుట్టుపక్కల ఇళ్ళన్నీ పంచుకోవాలి, శాటిలైట్ అయినా అంతే. రోజంతా వీడియోలు చూసే కుటుంబాలన్నీ వాటి మీదకు వస్తే నిలవవు.

## నియంత్రణ ఏం చేయగలదు

ప్రభుత్వమే 'ఇంతకు మించి తీసుకోకూడదు' అని ధర ఫిక్స్ చేస్తే అయిపోదా?

పేదల కోసం చేసే ప్రయత్నాలున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో అర్హులైన కుటుంబాలకు నెలకు 15 డాలర్ల ప్లాన్ ఇవ్వాలన్న చట్టం కోర్టులు దాటుకుని 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. కానీ అందరికీ రిటైల్ ధర కట్టడి చేసే దేశాలు తక్కువ. ఎక్కువ దేశాలు టోకు ధర మీద, అంటే ఒక కంపెనీ తీగను ఇంకో కంపెనీకి ఎంతకు ఇవ్వాలన్నదాని మీద పనిచేస్తాయి.

ఆ అంకె ఎంత ముఖ్యమో కెనడాను చూస్తే తెలుస్తుంది. 2019లో అక్కడి నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ టోకు రేట్లు బాగా తగ్గిస్తూ ఆదేశం ఇచ్చింది. చిన్న కంపెనీలు సంతోషించాయి, కొన్ని తమ ప్లాన్ల ధరలు తగ్గించాయి కూడా. పెద్ద కంపెనీలు అప్పీలుకు వెళ్ళాయి. 2021 మేలో సీఆర్‌టీసీ తన మాట తానే వెనక్కి తీసుకుని దాదాపు పాత రేట్లకే తిరిగి వెళ్ళింది. మరుసటి ఏడాదే ఈబాక్స్ అనే చిన్న కంపెనీని పెద్ద కంపెనీ బెల్ కొనేసింది, వీమీడియా అనే ఇంకో చిన్న కంపెనీని వీడియోట్రాన్ తీసుకుంది. తక్కువ ధరకు జనం వెతుక్కున్న పేర్లు ఆ చిన్న కంపెనీలవి. 2023 నవంబర్‌లో మళ్ళీ గాలి మారింది. ఒంటారియో, క్యూబెక్‌లలో బెల్, టెలస్ తమ ఫైబర్‌ను పోటీదారులకు తెరవాలని ఆదేశం వచ్చింది, 2024లో దాన్ని దేశమంతటికీ విస్తరించారు.

నాలుగేళ్ళు అటూ ఇటూ ఊగితే చిన్న కంపెనీ ఏ లెక్క వేసుకుని బతుకుతుంది? నియమం మంచిదా చెడ్డదా అన్నదానితో పాటు అది నిలబడుతుందా అన్నదీ ధరను నిర్ణయిస్తుంది.

వైరు ఒకరిది, సర్వీసు ఇంకొకరిది అని కంపెనీని విడదీస్తే లాభముందా?

ఉంది, టోకు ధర తెలివిగా పెడితే. బ్రిటన్‌లో పాత ఫోన్ కంపెనీ బీటీ నెట్‌వర్కును 2006లో ఓపెన్‌రీచ్ అనే విభాగంగా వేరు చేశారు, తర్వాత చట్టపరంగా విడి కంపెనీగా మార్చారు. న్యూజిలాండ్ ఇంకా ముందుకెళ్ళింది. 2011లో టెలికాం సంస్థను నిజంగానే రెండు ముక్కలు చేసింది: తీగల కంపెనీ కోరస్ ఒకటి, ఇప్పుడు స్పార్క్‌గా పిలిచే సర్వీసు కంపెనీ ఇంకొకటి. కోరస్ ఇళ్ళకు నేరుగా అమ్మే రిటైల్ కంపెనీ కాదు కాబట్టి ఏ ఒక్క కంపెనీకీ కొమ్ముకాయాల్సిన అవసరం లేదు.

ఆస్ట్రేలియా మాత్రం హెచ్చరిక. 2009లో ప్రభుత్వమే దేశమంతటికీ ఇంటర్నెట్ నెట్‌వర్కు వేసే ఎన్‌బీఎన్ కంపెనీ పెట్టింది. దాని మీద సర్వీసు అమ్మేవాళ్ళు చాలామంది. కానీ ఎన్‌బీఎన్ ఆ సర్వీసు కంపెనీల దగ్గర కనెక్షన్‌కు ఒక రేటు, కలిపి వాడే బ్యాండ్‌విడ్త్‌కు సీవీసీ అని ఇంకో రుసుము వసూలు చేసింది. సర్వీసు కంపెనీలు ఖర్చు తగ్గించుకోడానికి ఆ బ్యాండ్‌విడ్త్ తక్కువ కొన్నాయి. సాయంత్రం ఏడు దాటాక ఇళ్ళల్లో వీడియో ఆగి ఆగి వచ్చేది. దుకాణాలు ఎన్నున్నా సరుకంతా ఒకే గోదాము నుంచి వస్తుంటే, గోదాము రేటే అందరి రేటు. 2023లో పోటీ సంస్థ ఏసీసీసీ ఆమోదించిన మార్పులతో వేగమైన ప్లాన్లకు ఆ రుసుము ఎత్తేశారు.

రూల్స్ ఎక్కువైతే కంపెనీలు పెట్టుబడి మానేస్తాయంటారు. నిజమేనా?

ఆ వాదనను కొట్టిపారేయకూడదు. కెనడాలో 2023 ఆదేశం రాగానే బెల్ తన పెట్టుబడిలో వంద కోట్ల డాలర్లకు పైగా కోత పెడతానని ప్రకటించింది. కష్టపడి ఫైబర్ వేసినవాడి దగ్గర్నుంచి మరీ తక్కువకు లాక్కుంటే ఎవరూ వేయరు.

కానీ దేన్ని పంచుకోమంటున్నామన్నది ముఖ్యం. స్పెయిన్ 2009లో పాత ఫోన్ కంపెనీ టెలిఫోనికా భూగర్భ డక్టులను పోటీదారులకు తెరిపించింది. గొట్టం ఉమ్మడి, అందులో ఎవరి ఫైబర్ వాళ్ళు వేసుకోవాలి. తవ్వే ఖర్చు తప్పడంతో పోటీదారులు సొంత ఫైబర్ వేశారు, వాళ్ళను చూసి టెలిఫోనికా కూడా వేసింది. యూరప్‌లో ఫైబర్ బాగా పరుచుకున్న దేశాల్లో ఇప్పుడు స్పెయిన్ ఒకటి.

స్విట్జర్లాండ్‌లో ఇంటింటికీ నాలుగు ఫైబర్ తీగలు వేసే పద్ధతి ఉండేది, ఒక్కో కంపెనీ ఒక్కోటి తీసుకోవచ్చు. 2020లో అక్కడి పెద్ద టెలికాం కంపెనీ స్విస్‌కామ్ ఒకే తీగను చాలా ఇళ్ళకు చీల్చే పద్ధతికి మారబోతే పోటీ కమిషన్ ఆపింది, 2024లో 1.8 కోట్ల ఫ్రాంకుల జరిమానా కూడా వేసింది. సొంత తీగ దొరికిన చోట ఏం జరుగుతుందో ఇనిట్7 అనే కంపెనీ చూపించింది: 2021లో 25 జీబీపీఎస్ కనెక్షన్, ఏడాదికి 777 ఫ్రాంకులు.

సముద్రం కింద కేబుళ్ళకీ మా బిల్లుకీ సంబంధముందా?

తూర్పు ఆఫ్రికా వాళ్ళను అడగండి. 2009లో సీకామ్ అనే సముద్రగర్భ కేబుల్ వచ్చేదాకా అక్కడి ఇంటర్నెట్ చాలావరకు శాటిలైట్ మీదే, టోకు ధర ఆకాశంలో ఉండేది. మొదట్లో దేశం లోపలి ట్రాఫిక్ కూడా అంతే. నైరోబీలో ఒకరు పక్క వీధిలోని వాళ్ళకు పంపిన ఈమెయిల్ ఖండాలు దాటి తిరిగొచ్చేది. దాన్ని తప్పించడానికి 2000 చివర్లో స్థానిక కంపెనీలు తమ ట్రాఫిక్‌ను దేశంలోనే ఇచ్చిపుచ్చుకునే ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ పెట్టుకుంటే, గుత్తాధిపత్యం ఉన్న టెలికాం సంస్థ ఫిర్యాదు మీద నియంత్రణ సంస్థ రెండు వారాల్లో మూయించింది. 2002లో మళ్ళీ తెరిచారు. నియంత్రణ ఎవరి పక్షాన నిలబడుతుందన్నది ఎంత తేడా తెస్తుందో ఆ ఏడాది పైచిలుకు కాలం చెబుతుంది.

## బిల్లు చేతికొచ్చాక

ఒప్పందం మధ్యలోనే రేటు పెంచేశారు. ఇది చెల్లుతుందా?

దేశాన్ని బట్టి. బ్రిటన్‌లో 'ద్రవ్యోల్బణం ప్లస్ 3.9 శాతం' లాంటి షరతులుండేవి. 2023లో అలాంటి ఒప్పందాలున్న కొందరికి ఒక్కసారే 14 శాతం దాటి పెరిగింది. ఇప్పుడు అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ కొత్త నియమం ప్రకారం, 2025 జనవరి 17 నుంచి చేసుకునే ఒప్పందాల్లో పెంపు ఎంతో, ఎప్పుడో ముందే పౌండ్లు పెన్నీల్లో రాయాలి. జర్మనీలో 2021 డిసెంబర్ నుంచి, మొదటి గడువు అయిపోయాక ఎప్పుడైనా ఒక నెల నోటీసుతో వదిలేయవచ్చు. చెప్పిన స్పీడు రాకపోతే ఆ మేరకు బిల్లు తగ్గించి కట్టే హక్కు కూడా ఉంది. దానికి నియంత్రణ సంస్థ ఇచ్చిన సాధనంతో కొలిచిన రుజువు కావాలి. మీరు ఏ దేశంలో ఉన్నా సంతకానికి ముందు 'ధరల సవరణ' అన్న పేరా వెతికి చదవండి.

మా బిల్డింగ్‌లో ఒకే కంపెనీకి అనుమతి అంటున్నారు. ఏం చేయగలం?

ఫ్రాన్స్‌లో 2008 చట్టం ప్రకారం భవనంలో ఫైబర్ వేసిన కంపెనీ మిగతా కంపెనీలకూ దారి ఇవ్వాలి. అమెరికాలో భవన యజమానికి ఆదాయంలో వాటా ఇచ్చి పోటీదారులను బయట పెట్టే కొన్ని రకాల ఒప్పందాలను ఎఫ్‌సీసీ 2022లో నిషేధించింది. మీ దగ్గర అలాంటి చట్టం ఉంటే రాతపూర్వకంగా అడగండి.

లేకపోతే నలుగురూ కలవాలి. జొహానెస్‌బర్గ్‌లో పార్క్‌హర్స్ట్ అనే పేటవాళ్ళు అదే చేశారు. ఫైబర్ కోసం నివాసుల సంఘమే కంపెనీలను పిలిచి మాట్లాడి, 2014లో వుమాటెల్ అనే ఫైబర్ కంపెనీని ఎంచుకుంది. ఆ ఫైబర్ మీద ఏ సర్వీసు కంపెనీ అయినా అమ్మవచ్చు, ఏ ఇంటివాళ్ళకు నచ్చినదాన్ని వాళ్ళు తీసుకోవచ్చు. తర్వాత మిగతా పేటలూ అదే దారి పట్టాయి. మీ సంఘం సంతకం పెట్టబోయే కాగితంలో ఈ ఒక్క వాక్యం ఉందో లేదో చూడండి: ఇతర కంపెనీలు ఇదే డక్ట్ వాడుకోవచ్చు.

కంపెనీ మారతానని చెబితే నిజంగా తగ్గిస్తారా?

మారడం తేలికైన చోట తగ్గిస్తారు. బ్రిటన్‌లో 2024 సెప్టెంబర్ నుంచి కొత్త కంపెనీకి చెబితే చాలు, పాతదాన్ని రద్దు చేసే పని కూడా అదే చూసుకుంటుంది. అలాంటి పద్ధతి లేని చోట ఫోన్ చేసే ముందు మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: మీ ఒప్పందం గడువు తేదీ, ముందే వదిలేస్తే కట్టాల్సిన రుసుము, మీ అడ్రస్‌కు పక్క కంపెనీ ఇస్తున్న ధర. మూడోది తప్పకుండా మీ ఇంటి నంబరు వేసి చూసిన ధర అయ్యుండాలి. ఆఫర్ ఇస్తామంటే ఎన్ని నెలలకో అడిగి, ఈమెయిల్‌లో తెప్పించుకున్నాకే ఒప్పుకోండి. అంత గట్టిగా మాట్లాడటం ఇబ్బందిగా అనిపిస్తే టెన్షన్ పడకండి, అవతల కూర్చున్నవాళ్ళకు ఇలాంటి ఫోన్లు రోజూ వస్తూనే ఉంటాయి.